జియోక్యాష్ కోసం మట్టిరోడ్డు ఎక్కే ముందు

అమెరికాలోని యూటా రాష్ట్రంలో బ్రైస్ కాన్యన్ చూడ్డానికి వెళ్లినవాళ్లు కాటన్‌వుడ్ కాన్యన్ రోడ్డులో జియోక్యాష్ (జీపీఎస్ సాయంతో వెతికి పట్టుకునేలా ఎవరో దాచిపెట్టిన డబ్బా) వెతుకుదామనుకుంటే, ముందు చూసుకోవాల్సింది వాన సంగతి. కానన్‌విల్ నుంచి హైవే 89 దాకా దాదాపు 75 కిలోమీటర్లు, ఎక్కువ భాగం మట్టిరోడ్డే. తడిస్తే అక్కడి బంకమట్టి టైరు గాళ్లన్నీ పూడ్చేస్తుంది. ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్నా బండి పక్కకి జారిపోతుంది. ముందు రోజు వాన పడినా తొందరపడకండి. కానన్‌విల్‌లోనో కనాబ్‌లోనో విజిటర్ సెంటర్లో అడిగితే రోడ్డు ఎలా ఉందో చెప్తారు.

దారిలో సిగ్నల్ దాదాపు ఉండదు. మ్యాపు, జియోక్యాష్ వివరాలు, హింట్ అన్నీ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. కోఆర్డినేట్స్ (ఆ చోటు అక్షాంశ రేఖాంశాలు) కాగితం మీద కూడా రాసుకుంటే ఫోన్ ఆగిపోయినా టెన్షన్ ఉండదు.

జియోక్యాష్ యాప్‌లో 400 మీటర్లు అని చూపిస్తే అది నేరుగా గీత గీస్తే వచ్చే దూరం. మధ్యలో నిలువు రాతిగోడ ఉండొచ్చు. బాణం చూపించింది కదా అని రోడ్డు దిగి బండి పోనివ్వకండి, పార్కింగ్ పాయింట్ ఇచ్చి ఉంటే అక్కడే ఆపి నడవండి. నల్లగా, బుడిపెలు బుడిపెలుగా పెంకు కట్టిన నేల కనిపిస్తే దయచేసి దాని మీద అడుగు వేయొద్దు. అందులో సూక్ష్మజీవులు, నాచు బతుకుతుంటాయి. ఒకసారి చితికితే కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది. రాళ్ల మీదో, ఎండిన వాగు ఇసుకలోనో నడిస్తే చాలు.

ఫుల్ ట్యాంకు, స్పేర్ టైరు, మనిషికి నాలుగు లీటర్ల నీళ్లు తప్పనిసరి. ఎన్నింటికల్లా తిరిగొస్తారో ఎవరికైనా చెప్పి బయల్దేరండి.