మాన్యువల్ లేకుండా టీఆర్‌ఎస్-80 మోడల్ 100ను మళ్లీ టెర్మినల్‌గా నడిపించడం

మోడల్ 100 అనే, ఒళ్లో పెట్టుకుని వాడే చిన్న కంప్యూటర్‌ను 1983లో టాండీ కంపెనీ తన రేడియో షాక్ దుకాణాల్లో అమ్మింది. తయారు చేసింది జపాన్‌కు చెందిన క్యోసెరా. వెనక ఆర్‌ఎస్-232 పోర్టు (డేటాను ఒక్కొక్క బిట్‌గా పంపే సీరియల్ పోర్టు), రోమ్‌లోనే (చెరగని మెమరీలోనే) టెల్‌కామ్ అనే కమ్యూనికేషన్ ప్రోగ్రామ్, నాలుగు ఏఏ సెల్స్‌తో నడక... ఇప్పటికీ ఇది చక్కటి సీరియల్ టెర్మినల్, అంటే మరో కంప్యూటర్‌కు తెర, కీబోర్డులా పనిచేస్తుంది. లోపలున్నవి అప్పట్లో చాలామంది వాడిన చిప్పులే. వాటి పిన్ నంబర్లు తెలిస్తే మాన్యువల్ లేని లోటు పెద్దగా కనిపించదు.

చేతికి రాగానే సెల్స్ వేసి ఆన్ చేయకండి, ముందు తెరవండి. అడుగున నాలుగు స్టార్ స్క్రూలు తీసి, అంచుల్లోని క్లిప్పులను ప్లాస్టిక్ ముక్కతో వదులు చేయండి. పై సగాన్ని ఒక్కసారిగా లాగితే తెర, కీబోర్డు కేబుళ్లు దెబ్బతింటాయి. మెల్లగా పక్కకు తిప్పి, కనెక్టర్లు ఊడదీసే ముందు ఫొటో తీసుకోండి.

అసలు శత్రువు మెమరీ బ్యాటరీ. మెయిన్ బోర్డుకే సోల్డర్ చేసిన 3.6 వోల్టుల నికెల్ కాడ్మియం ప్యాక్ అది. ఇన్నేళ్లకు కారకుండా మిగిలినది అరుదు, కారకపోయినా తీసేయాల్సిందే. పచ్చటి పొడి కనిపిస్తే, ఆ ద్రవం క్షారం కాబట్టి తెల్ల వెనిగర్‌ను ఇయర్ బడ్‌తో రాయండి. తర్వాత నీటితో, చివర ఐపీఏతో (ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో) తుడిచి ఒక రోజు ఆరనివ్వండి. నల్లబడిన ట్రేసులను (బోర్డు మీది రాగి దారులను) మల్టీమీటర్ బీప్‌తో చూసి, తెగినచోట సన్న వైరు వేయండి. కొత్తగా 3.6 వోల్టుల, 80 ఎంఏహెచ్ నికెల్ మెటల్ హైడ్రైడ్ ప్యాక్ సరిపోతుంది. అది దొరక్కపోతే కార్డ్‌లెస్ ఫోన్లలో వాడే 3.6 వోల్టుల ప్యాక్‌ను వైర్లతో కలిపి, బోర్డుకు ఎడంగా ఖాళీ ఉన్నచోట అమర్చండి. నిండడానికి చాలా సమయం తీసుకుంటుంది కానీ పని చేస్తుంది. లిథియం సెల్ మాత్రం వద్దు. ఇక్కడి సర్క్యూట్ బ్యాటరీని ఛార్జ్ చేస్తూనే ఉంటుంది, లిథియం దాన్ని తట్టుకోదు.

ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లూ కారతాయి. సోల్డరింగ్ ఐరన్ తగలగానే చేపల వాసన వస్తే కారినట్టే. అన్నీ మార్చడమే మేలు. ఒక్కొక్కటే తీసి, దాని మీదున్న మైక్రోఫారడ్లు, వోల్టులు, మైనస్ గీత ఎటుందో రాసుకుని, వెంటనే అదే విలువది పెట్టండి. వోల్టేజీ ఎక్కువైనా ఫర్వాలేదు, తక్కువ కాకూడదు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు కోఠీ గుజరాతీ గల్లీలో ఇవి దొరుకుతాయి.

ఇప్పుడు కరెంటు. కావలసింది 6 వోల్టుల డీసీ, ప్లగ్ మధ్య పిన్ మైనస్. ఇప్పటి అడాప్టర్లలో ఎక్కువ భాగం మధ్య ప్లస్‌వి, మీటర్‌తో చూడకుండా గుచ్చకండి. అమెరికా నుంచి వచ్చిన పాత అడాప్టర్ 120 వోల్టులది, మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే కాలిపోతుంది. బెంచ్ సప్లై (వోల్టేజీ, కరెంటు హద్దు పెట్టుకోగల పవర్ సప్లై) ఉంటే కరెంటు పరిమితి 200 మిల్లీ ఆంపులకు పెట్టండి. ఆ హద్దుకు చేరితే ఎక్కడో షార్ట్ ఉంది, ఆపేయండి.

ఏ కదలికా లేకపోతే ముందు అడుగున ఉన్న మెమరీ పవర్ స్విచ్ చూడండి. అది ఆఫ్‌లో ఉంటే యంత్రం మేల్కోదు. పాడైందని పక్కన పెట్టిన వాటిలో కొన్నిటి జబ్బు ఇంతే! అదీ కాకపోతే 80సీ85 ప్రాసెసర్ దగ్గర కొలవండి: 20వ పిన్ గ్రౌండ్, 40వ పిన్‌లో 5 వోల్టులు, 36వ పిన్ రీసెట్ కాబట్టి అక్కడా 5 దగ్గర ఉండాలి. 37వ పిన్‌లో 2.4576 మెగాహెర్ట్జ్ క్లాక్ కనిపించాలి. ప్లస్ 5 బాగుండి తెర ఖాళీగా ఉంటే, పక్కనున్న కాంట్రాస్ట్ చక్రం తిప్పి చూడండి. అప్పుడూ రాకపోతే మైనస్ 5 వోల్టుల సప్లై పడిపోయి ఉంటుంది, మళ్లీ కెపాసిటర్ల దగ్గరికే వెళ్లాలి. తెరలో ఒక దీర్ఘచతురస్రం మాత్రమే చచ్చిపోతే లోపం తెర బోర్డు మీది పది డ్రైవర్ చిప్పుల్లో ఒకదానిది.

చెత్త అక్షరాలు వస్తే కంట్రోల్, పాజ్ నొక్కి పట్టుకుని వెనక రీసెట్ బటన్ నొక్కండి. మెమరీ మొత్తం చెరిగి మెనూ వస్తుంది. మూల కనిపించే అంకె ర్యామ్ ఎంతో చెబుతుంది: 29638 అయితే 32కే, 21446 అయితే 24కే, 5062 అయితే 8కే.

ఇక కేబుల్. 25 పిన్నుల పోర్టులో 2వ పిన్‌ను 9 పిన్నుల యూఎస్‌బీ సీరియల్ అడాప్టర్ 2కు, 3ను 3కు, 7ను 5కు కలపండి. నేరుగా కలిపినట్టే ఉన్నా ఇది క్రాస్ కేబులే, రెండు రకాల పోర్టుల్లో 2, 3 తారుమారుగా ఉంటాయి. 25 పిన్నుల వైపు 4ను 5తో, 6ను 20తో షార్ట్ చేయండి. రాస్‌ప్‌బెర్రీ పై పిన్నులకు నేరుగా తగిలించకండి, మధ్యలో మ్యాక్స్3232 (వోల్టేజీ స్థాయిలు మార్చే చిప్) ఉండాలి.

టెల్‌కామ్‌లో ఎఫ్3 నొక్కి 88ఎన్1ఈ అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టండి. మొదటి 8 అంటే 9600 బాడ్ (సెకనుకు 9600 బిట్ల వేగం), తర్వాత 8 బిట్లు, పారిటీ లేదు, 1 స్టాప్ బిట్, చివరి ఈ అంటే ఎక్స్ఆన్-ఎక్స్ఆఫ్ (అవతలివైపుకు ఆగు, పంపు అని చెప్పే పద్ధతి) ఉంది. తర్వాత ఎఫ్4 నొక్కితే టెర్మినల్ మొదలవుతుంది. ప్రతి అక్షరం రెండుసార్లు పడితే మళ్లీ ఎఫ్4 నొక్కి ఫుల్ (కొట్టిన అక్షరాన్ని యంత్రం తానుగా చూపని పద్ధతి) చేయండి. అక్షరాలు రాలిపోతుంటే తెర అంత వేగంగా పైకి జరగలేకపోతోందని అర్థం. అవతల ఎక్స్ఆన్-ఎక్స్ఆఫ్ ఆన్‌లో ఉందో లేదో చూడండి, లేదా రెండు వైపులా 1200కు దించండి, అప్పుడు మొదటి అంకె 5. లైనక్స్‌లో టెర్మినల్ రకం వీటీ52, 40 నిలువులు, 8 వరుసలు అని పెట్టండి. తెర అడుగున ఎఫ్ కీల లేబుల్ వరుస కనిపిస్తుంటే వరుసలు 7 అని పెట్టాలి.