పాన్‌డాక్‌లో బొమ్మల పట్టికకు ఎక్కని ఫొటోలు

చీమకుర్తి గ్రానైట్ క్వారీల మీద ఒంగోలులో తయారైన నివేదిక ఇది. మార్క్‌డౌన్‌లో (మామూలు అక్షరాల్లోనే గుర్తులు పెట్టి రాసే పద్ధతి) రాసి, ఫైళ్లను ఒక రూపం నుంచి మరో రూపానికి మార్చే పాన్‌డాక్‌తో, పేజీలు పేర్చే జీలేటెక్ (XeLaTeX) ద్వారా పీడీఎఫ్ తీస్తే బొమ్మల పట్టికలో కొన్ని ఫొటోలే వచ్చాయి.

ఫైలు పైన సెట్టింగులు రాసే యామ్ల్ (YAML) భాగంలో 'ఎల్ఓఎఫ్: ట్రూ' (lof: true, అంటే బొమ్మల పట్టిక కావాలని) ఉంది. అదొక్కటే చాలదు. బొమ్మ లైను విడిగా, పైనా కిందా ఖాళీ లైనుతో ఉంటేనే పాన్‌డాక్ దాన్ని ఫిగర్‌గా లెక్కేస్తుంది. పక్కన ఒక్క చుక్క ఉన్నా అది వాక్యంలో భాగమైపోతుంది. నంబరు పడదు, పట్టికకు ఎక్కదు. బొమ్మ లైనులో శీర్షిక రాసే చదరపు బ్రాకెట్లు ఖాళీగా ఉన్నా అంతే. ఇక్కడ పలక కోత ఫొటో కిందే వివరణ అతుక్కుని ఉంది. మధ్యలో ఎంటర్ కొట్టగానే పట్టికలోకి వచ్చింది.

తర్వాత నంబర్లు, పేజీలు కనబడ్డాయి గానీ తెలుగు శీర్షికలు ఖాళీ! జీలేటెక్ మామూలుగా వాడే ఫాంటులో తెలుగు అక్షరాలు లేవు, లాగ్‌లో 'మిస్సింగ్ క్యారెక్టర్' అని హెచ్చరిక మాత్రం ఉంటుంది. యామ్ల్ భాగంలో 'మెయిన్‌ఫాంట్' (mainfont)కి నోటో సెరిఫ్ తెలుగు అనే ఫాంటు ఇస్తే సరిపోయింది.

శీర్షిక మొత్తం పట్టికలోకి పోతుంది. మూడు లైన్ల శీర్షికలుంటే పట్టిక చదవలేం. బ్రాకెట్లలో నాలుగైదు మాటలే ఉంచి, రాయి రంగు, మందం లాంటివి కింది పేరాలో రాయడమే మేలు. ఏదైనా లోగో పట్టికలోకి రాకూడదంటే ఆ లైను చివర వెనక్కి వాలిన గీత (బ్యాక్‌స్లాష్, \) పెట్టండి.