ఫైబర్ పోతే బ్యాకప్ దానంతట అదే ఆగాలంటే

హన్మకొండలో లినక్స్ ల్యాప్‌టాప్‌తో ఇంటి నుంచి పనిచేసేవాళ్లకు ఈ చిట్కా బాగా పనికొస్తుంది. గాలివానకు ఫైబర్ పోగానే ఫోన్ హాట్‌స్పాట్‌కి మారతాం. వెనకాల నడిచే బ్యాకప్ మాత్రం ఆగదు, రోజు డేటా అంతా లాగేస్తుంది.

దీనికోసం నెట్ ఉందా లేదా అని నిమిషానికోసారి పింగ్ కొట్టే స్క్రిప్ట్ రాయకండి. నెట్ మారిన క్షణమే, లినక్స్‌లో నెట్ కనెక్షన్లు చూసుకునే నెట్‌వర్క్ మేనేజర్ అనే ప్రోగ్రామ్ మన స్క్రిప్ట్‌ని పిలుస్తుంది. ఈటీసీలో దాని ఫోల్డర్ కింద డిస్పాచర్ డాట్ డి అనే ఫోల్డర్ (/etc/NetworkManager/dispatcher.d) ఉంటుంది, స్క్రిప్ట్ అందులో పెట్టాలి. స్క్రిప్ట్‌కి అందే మొదటి ఆర్గ్యుమెంట్ (విలువ) ఇంటర్‌ఫేస్ పేరు, అంటే వైఫై లాంటి నెట్‌వర్క్ పరికరం పేరు; రెండోది జరిగిన సంగతి: అప్ (కలిసింది), డౌన్ (తెగింది) వగైరా. కనెక్షన్ పేరు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా, అంటే స్క్రిప్ట్ చదువుకోగల పేరున్న విలువగా వస్తుంది. అది మీ హాట్‌స్పాట్ పేరైతే బ్యాకప్ ఆపండి, ఇంటి వైఫై అయితే మళ్లీ మొదలుపెట్టండి.

చాలామంది ఇరుక్కునేది పర్మిషన్ల దగ్గరే. ఫైల్ ఓనర్ రూట్ (లినక్స్‌లో అడ్మిన్ యూజర్) అయ్యుండాలి, ఎగ్జిక్యూట్ పర్మిషన్ ఉండాలి, రూట్ తప్ప గ్రూపుకీ ఇతరులకీ రైట్ పర్మిషన్ ఉండకూడదు. లేకపోతే స్క్రిప్ట్ నడవదు.

ఇంకోటి, అప్ అని వచ్చినంత మాత్రాన ఇంటర్నెట్ ఉన్నట్టు కాదు. రౌటర్‌కి కరెంటు ఉండి బయట కేబుల్ తెగినా వైఫై అప్ అనే చూపిస్తుంది. స్క్రిప్ట్‌లో ఎక్కువసేపు పట్టే పని పెట్టకండి, టైమ్‌అవుట్ (ఇచ్చిన గడువు) దాటితే దాన్ని నెట్‌వర్క్ మేనేజర్ మధ్యలోనే ఆపేస్తుంది.