గూడెం అడవిని గూడెం పేరున తెచ్చుకోవడం: ఫారం-సి వేసే పద్ధతి

పోడు పట్టాల కోసం తిరిగిన ఊళ్లు చాలా ఉన్నాయి. దేవర ఉన్న కొండ, ఇప్పచెట్ల తోపు, పశువులు మేసే గట్టు, ఎండాకాలంలోనూ ఎండని చెలమ, వీటన్నిటినీ కలిపి ఊరి పేరున అడిగిన గూడేలు తక్కువ. 2006 అటవీ హక్కుల గుర్తింపు చట్టంలో సెక్షన్ 3(1)(ఐ) ఇందుకే ఉంది. తరతరాలుగా చూసుకుంటున్న అడవిని కాపాడుకునే, మళ్లీ పెంచుకునే, నిర్వహించుకునే హక్కు గ్రామసభదని అది చెబుతుంది. ఆ హక్కు అడిగే దరఖాస్తే ఫారం-సి. వ్యక్తిగత పట్టాకు ఉన్న 4 హెక్టార్ల పరిమితి దీనికి వర్తించదు. పాత పొలిమేర ఎక్కడిదాకా ఉంటే అక్కడిదాకా అడగవచ్చు, అది రిజర్వు ఫారెస్టయినా అభయారణ్యమైనా సరే. మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని మెండా లేఖా 2009లో ఇలాగే దాదాపు 1,800 హెక్టార్ల మీద హక్కు పొందింది.

ముందు సభ సరిగ్గా కూర్చోవాలి

షెడ్యూల్డ్ ప్రాంతంలో పీసా (గిరిజన ప్రాంతాల్లో గ్రామసభకు అధికారాలిచ్చే చట్టం) ప్రకారం గూడెమే ఒక గ్రామసభ. నాలుగైదు గూడేలను కలిపి పంచాయతీ ఆఫీసు దగ్గర సభ పెడితే కోరం దొరకదు. దొరికినా, పక్క గూడెం దేవర గురించి తెలియనివాళ్లు చేతులెత్తిన తీర్మానమవుతుంది. ఈ చట్టం నియమాలకు 2012లో వచ్చిన సవరణ తర్వాత సభకు సభ్యుల్లో సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడోవంతు ఆడవాళ్లు ఉండాలి. ఎంత మంది వచ్చారో తీర్మానంలో అంకెల్లో రాయించి, సంతకాలూ వేలిముద్రలూ అదే పుస్తకంలో తీసుకోండి. విడి కాగితాల మీద తీసుకుంటే తర్వాత ఎవరైనా కాదనడానికి వీలు చిక్కుతుంది.

గ్రామసభ తరఫున దరఖాస్తు పని చూసే అటవీ హక్కుల కమిటీలో 10 నుంచి 15 మంది ఉంటారు. వాళ్లలో కనీసం మూడింట రెండు వంతులు గిరిజనులు, కనీసం మూడోవంతు ఆడవాళ్లు ఉండాలి. చాలాచోట్ల 2008 నాటి కమిటీయే ఇంకా కాగితం మీద ఉంటుంది. సభ్యుల్లో కొందరు చనిపోయి ఉంటారు, కొందరు ఊరు వదిలి ఉంటారు. అలాంటి కమిటీతో ముందుకు వెళ్లకండి. కొత్తగా ఎన్నుకుని ఆ సంగతి సబ్ డివిజన్ కమిటీకి (గ్రామసభ పంపిన దరఖాస్తులను పరిశీలించే పై కమిటీ) రాతపూర్వకంగా తెలపండి.

పొలిమేర నడవడం

అసలు పని ఇదే. ఖరీఫ్ కోతలు అయ్యాక జనవరి, ఫిబ్రవరిలో నడవండి. అప్పటికి గడ్డి పడిపోయి ఉంటుంది, వాగులు దాటవచ్చు, ఎండ ఇంకా ముదరదు. వెళ్లే బృందంలో హద్దులు తెలిసిన ఇద్దరు పెద్దలు, దుంపలకూ అడ్డాకుకూ వెళ్లే ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు, జీపీఎస్ పట్టే ఒకరు, రాసే ఒకరు ఉండాలి. పొరుగు గూడెం పెద్దను తప్పకుండా పిలవండి. ఆడవాళ్లు లేకుండా గీసిన పటంలో దుంపల చోట్లు, మందాకు చోట్లు సగం రావు.

హద్దు మలుపు తిరిగే ప్రతిచోటా ఆగి ఒక పాయింటు తీయండి. చెట్ల నీడలో సిగ్నల్ బలహీనంగా ఉంటుంది కాబట్టి రెండు మూడు నిమిషాలు నిలబడి, అంకె కుదురుకున్నాక నమోదు చేయండి. నోటుబుక్కులో వరుస సంఖ్య, ఆ చోటికి మీ భాషలో ఉన్న పేరు (కోయ, గోండి, కువి, ఏదైతే అది), గుర్తు ఏమిటి (బండ, వాగు కలిసే చోటు, పాత గూడెం దిబ్బ), ఫొటో నంబరు రాయాలి. ఫారెస్టు కంపార్ట్‌మెంట్ నంబరు (ఫారెస్టు శాఖ అడవిని ముక్కలుగా విభజించి ఇచ్చిన నంబరు) తెలిస్తే పక్కన వేయండి. ఫారం-సి దాన్ని తెలిస్తేనే అడుగుతుంది, కాబట్టి నంబరు లేదని దరఖాస్తు తిప్పిపంపితే ఒప్పుకోకండి.

ఇక్కడ మామూలుగా జరిగే పొరపాట్లు రెండు. ఒకటి, డిగ్రీలు, నిమిషాలు కలగాపులగం కావడం. 17 డిగ్రీల 30 నిమిషాలను 17.30 అని రాస్తే నిజానికి రావాల్సింది 17.5. ఆ తేడాకే పాయింటు 22 కిలోమీటర్లు పక్కకు పోతుంది. మొదటినుంచీ దశాంశ డిగ్రీల్లోనే రాయండి. రెండోది, పాయింట్ల వరుస తారుమారైతే గీత తన మీదుగా తానే దాటి, విస్తీర్ణం తప్పు వస్తుంది. పటం గీశాక దాన్ని నేలమీద పరచి పెద్దలకు చూపించండి. కొండ ఎటు, వాగు ఎటు అని వాళ్లు అడిగే ప్రశ్నలతోనే తప్పు బయటపడుతుంది.

దేవరల చోట్లకు కొంచెం జాగ్రత్త కావాలి. దరఖాస్తు ఆఫీసుల్లో చాలా చేతులు మారుతుంది. పూజ వివరాలు, లోపలి చోటు అక్షాంశ రేఖాంశాలు అందులో ఉండనక్కర్లేదు. ఆ చోటు చుట్టూ పెద్ద గీత గీసి ‘దేవర వనం’ అని రాస్తే సాక్ష్యానికి చాలు. ఎంత వరకు చెప్పాలన్నది పూజారి, కులపెద్దలు తేల్చాలి.

పొరుగు ఊరితో హద్దు కలిసినా, ఒకే అడవిని రెండు ఊళ్లు వాడుకుంటున్నా, రెండు ఊళ్ల అటవీ హక్కుల కమిటీలూ కలిసి కూర్చుని, తేలిన సంగతిని రాతలో తమ తమ గ్రామసభలకు ఇవ్వాలని ఈ చట్టం కింది 12వ నియమం చెబుతుంది. తేలకపోతేనే అది సబ్ డివిజన్ కమిటీకి వెళ్తుంది. అక్కడికి వెళ్లిన తగవు ఏళ్లు పడుతుంది, కాబట్టి నడిచిన రోజే మాట్లాడుకోవడం మేలు.

సాక్ష్యాలు

13వ నియమం ప్రకారం ఒకటికంటే ఎక్కువ రకాల సాక్ష్యం కావాలి. మేత గట్లు, దుంపలు, పండ్లు ఏరే చోట్లు, చేపలు పట్టే మడుగులు, నీటి ఊటలు, దేవర చెట్లు, శ్మశానాలు, పాత ఇళ్ల పునాదులు అన్నీ సాక్ష్యాలే. పెద్దల వాంగ్మూలం విషయంలో ఒక మెలిక ఉంది. ఆ పెద్దలు దరఖాస్తుదారులు కాకూడదని నియమం. ఊరంతా దరఖాస్తుదారే కనుక పొరుగు గూడెం పెద్దల వాంగ్మూలం జతచేస్తే గట్టిగా నిలుస్తుంది. శాటిలైట్ చిత్రం తోడుగా వాడవచ్చు గాని, అది లేదన్న కారణంతో మిగతా సాక్ష్యాన్ని తోసిపుచ్చకూడదు.

వేటను మాత్రం హక్కుగా రాయకండి. సెక్షన్ 3(1)(ఎల్) దాన్ని మినహాయించింది. విత్తనాల పూజతో పాటు వేటా ఉండే ఇటుకల పండుగ గురించి రాస్తే విత్తనాల పూజ, అది జరిగే చోటు వరకే రాయండి.

తనిఖీ, సమర్పణ

తనిఖీ తేదీ చెబుతూ ఫారెస్టు, రెవెన్యూ శాఖలకు నోటీసిచ్చి, కాపీ మీద తేదీ, ముద్ర వేయించుకోండి. ఆ కాపీ లేకపోతే ‘మాకు తెలియదు’ అన్న మాటకు జవాబుండదు. అధికారులు వస్తే హోదా, తేదీ, అభ్యంతరాలతో అక్కడే సంతకం చేయాలి. రాకపోయినా కమిటీ తనిఖీ పూర్తిచేసి ఆ విషయం రాసుకోవచ్చు. తర్వాత సభ తీర్మానం, పటం, సభ్యుల జాబితా, సాక్ష్యాలు జతచేసి సబ్ డివిజన్ కమిటీకి ఇవ్వండి. ఐటీడీఏకి (గిరిజనాభివృద్ధి సంస్థ) ఒక కాపీ, ఊళ్లో ఒక కాపీ.

కాగితాలు చాలవనిపిస్తే సబ్ డివిజన్ కమిటీ వాటిని గ్రామసభకే తిప్పిపంపాలి, తానే కోతపెట్టకూడదు. నిర్ణయం నచ్చకపోతే 60 రోజుల్లో జిల్లా కమిటీకి అర్జీ పెట్టుకోవాలి.

హక్కుపత్రం చేతికొచ్చాక సంబరం కంటే ముందు చదవాలి. అది నియమాల్లోని అనుబంధం-4 నమూనాలో, గ్రామసభ పేరున ఉండాలి. వన సంరక్షణ సమితి పేరున ఇస్తే తీసుకోకండి, ఆ సమితి ఫారెస్టు శాఖ పథకం కింద పుట్టింది. పటంలో విస్తీర్ణం తగ్గినా, చట్టంలో లేని షరతులు కనిపించినా అదే వారం రాతలో అడగండి.

అడవిని చూసుకోవడం

4(1)(ఇ) నియమం కింద సభ ఒక రక్షణ కమిటీని వేసి, అడవి ప్రణాళిక రాయించాలి. వెదురు, ఇతర ఫలసాయం తరలింపుకు పర్మిట్లు ఇచ్చేదీ ఆ కమిటీయే. ప్రణాళికలో పాత కట్టుబాట్లకే మొదటి చోటు ఇవ్వండి. మామిడి కొత్త (కొత్త కాయల పండుగ) జరగకముందు కాయ ముట్టకపోవడం పండుగ ఆచారమే, కాయ ముదరకముందు కోయకుండా ఆపే నియమం కూడా. దాన్ని తేదీతో, మీరితే వేసే తప్పుతో (జరిమానాతో) సహా రాయండి.

ఎక్కువ నష్టం నిప్పుతో వస్తుంది. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపువ్వు కనబడేందుకు చెట్టు కింద ఆకు కాలుస్తారు. అది పాకి లేత మొక్కలన్నీ మాడిపోతాయి. కొమ్మల నీడ మేరకు ఊడ్చి, వలో పాత చీరో పరిస్తే పువ్వు శుభ్రంగానూ ఉంటుంది. తపసి చెట్టు బంకకు గొడ్డలితో లోతుగా నరికితే చెట్టు చస్తుంది. పదునైన కత్తితో పైబెరడు చెక్కి, గాయం మానేదాకా వదిలేయాలి. ఏ తోపు ఏ ఏడాది మూసి ఉంచాలో సభలో తేల్చి గూడెం మధ్యలో పటం మీద గుర్తుపెట్టండి.

హక్కుపత్రం ఇచ్చాక మూడు నెలల్లోపు రెవెన్యూ, ఫారెస్టు రికార్డుల్లో అది ఎక్కాలి. తహసీల్దారు ఆఫీసులోనూ రేంజి ఆఫీసులోనూ ఎక్కిన పేజీ నకలు తీసుకుని తీర్మానాల పుస్తకంతో పాటు పెట్టుకోండి.