కరోనా తిరుగుతున్న రోజుల్లో పసికందు: బాలింత ఇంట్లో పాటించాల్సిన జాగ్రత్తలు

కాన్పు దగ్గర పడ్డప్పుడు తల్లికి కరోనా సోకితే ఇంటిల్లిపాదికీ బిడ్డ గురించే దిగులు. అయితే ఎక్కువమంది పసికందులకు ఇది తేలిగ్గానే తగ్గిపోతుంది. కడుపులో ఉండగానే అంటడం అరుదు. 2020 మార్చి, ఏప్రిల్‌లలో బ్రిటన్ అంతటా లెక్క తీస్తే, కరోనాతో ఆసుపత్రిలో చికిత్స పొందిన నెలలోపు పిల్లలు 66 మంది. అంటే ప్రతి 10,000 కాన్పులకు ఆరుగురికి లోపే. వారిలో 28 మందికి జబ్బు తీవ్రమైంది, కానీ దాని వల్ల ఎవరూ చనిపోలేదు. నలుగురిలో ఒకరు నెలలు నిండకుండా పుట్టినవారు. అలాంటి బిడ్డ ఇంట్లో ఉంటే కింద చెప్పినవన్నీ రెట్టింపు పట్టుదలతో పాటించాలి.

ముందుగా, పాలు ఆపొద్దు. ప్రసవం వరంగల్‌లోని సీకేఎం ఆసుపత్రిలో అయినా, హన్మకొండ ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి (జీఎంహెచ్)లో అయినా, పాజిటివ్ అనగానే బిడ్డను అమ్మమ్మకిచ్చి డబ్బా పాలు పట్టడం పెద్ద పొరపాటు. తల్లిపాలతో అందే రక్షణ పోతుంది, సరిగా కడగని సీసాతో విరేచనాలు పట్టుకుంటాయి, తల్లి ఒంటి వేడి లేక బిడ్డ చల్లబడుతుంది. తల్లి మూడు పొరల మాస్కు పెట్టుకుని, సబ్బుతో 40 సెకన్లు చేతులు కడుక్కుని పాలివ్వాలి. తడిసిన మాస్కు వెంటనే మార్చాలి. బిడ్డకు మాత్రం మాస్కు కట్టొద్దు, ఊపిరాడదు. పాలిచ్చాక తొట్టెలను తల్లి మంచానికి ఆరడుగుల దూరంలో ఉంచొచ్చు.

తల్లికి లేచే ఓపిక లేకపోతే పాలు పిండి, పది నిమిషాలు మరిగించిన స్టీలు గిన్నెలో పట్టాలి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు రెండు మూడు గంటలకోసారి చెంచాతో తాగించాలి. బయట ఉంచిన పాలు నాలుగు గంటల్లోపే వాడాలి.

పసికందుకు ముప్పు ఎక్కువగా పుట్టాక చుట్టూ ఉన్నవాళ్ల నుంచే. మేడారం జాతర నుంచి వచ్చినవాళ్లు, దగ్గుతున్న చుట్టాలు బిడ్డను ఎత్తుకోవద్దు. ఇరవై ఒకటో రోజు ఫంక్షన్‌ను వాయిదా వేస్తే పోయేదేమీ లేదు. చలని తలుపులన్నీ బిగించి సాంబ్రాణి పొగ వేస్తే ఆ చిన్న ఊపిరితిత్తులకు రెండు వైపులా దెబ్బే. ఎదురు గాలి తగలకుండా ఒక కిటికీ తెరిచి ఉంచండి.

ఇక అపాయం గుర్తులు. బిడ్డ కదలకుండా పడుకున్నప్పుడు పొట్ట ఎగసిపడటాన్ని నిండు నిమిషం లెక్కపెట్టండి. 60 లేదా అంతకు మించితే, డొక్కలు లోపలికి లాక్కుంటుంటే, పెదాలు నీలంగా మారితే, పాలు తాగడం మానేస్తే, లేపినా లేవకపోతే, చంకలో జ్వరం 99.5 డిగ్రీలు చేరితే ఆగొద్దు. ఒళ్లు చల్లబడి, గంటసేపు తల్లి ఛాతీకి ఆనించినా వెచ్చబడకపోయినా అంతే. ఇవే గుర్తులు రక్తంలో ఇన్ఫెక్షన్‌కూ కనిపిస్తాయి, అది కరోనా కంటే వేగంగా ప్రాణం తీస్తుంది. అందుకే కరోనా రిపోర్టు కోసం ఎదురుచూడకుండా, దగ్గు సిరప్పులేవీ పోయకుండా 108కి ఫోన్ చేసి, పసికందులకు ప్రత్యేక వార్డు ఉన్న ఆసుపత్రికి వెళ్లండి. దారిలో బిడ్డ తలకు టోపీ పెట్టి, తల్లి ఛాతీకి ఆనించే తీసుకెళ్లండి. డిశ్చార్జి కాగితం మరువద్దు, పుట్టినప్పటి బరువు డాక్టరుకు అందులోనే దొరుకుతుంది.