ఎండ్‌లెస్ స్కై మ్యాప్‌లో కొత్త సిస్టమ్ పెట్టాక వచ్చే చిక్కులు: సమస్య - పరిష్కారం

ఎండ్‌లెస్ స్కై ఉచితంగా దొరికే స్పేస్ ట్రేడింగ్ గేమ్. దాని నక్షత్ర పటమంతా మామూలు టెక్స్ట్ ఫైళ్లలోనే ఉంటుంది. కావాలంటే ధవళేశ్వరం నుంచి అంతర్వేది దాకా మన డెల్టానంతా సిస్టములుగా, అంటే నక్షత్ర మండలాలుగా, పేర్చుకోవచ్చు. దానికి నోట్‌ప్యాడ్ చాలు. చిక్కల్లా ఏమిటంటే, ఒక్క లైను తప్పు పడినా గేమ్ ఆగదు. ఆ లైనును వదిలేసి తన పని తాను చేసుకుపోతుంది.

అందుకని ఏం తేడా వచ్చినా ముందు ఎర్రర్స్ అనే టెక్స్ట్ ఫైలు తెరవండి. విండోస్‌లో యాప్‌డేటా, దాని లోపల రోమింగ్, అందులో గేమ్ పేరుతో ఉన్న ఫోల్డర్లో ఉంటుంది. ప్లగిన్స్ (గేమ్‌కి మనం కలిపే అదనపు ఫైళ్లు), సేవ్స్ (దాచుకున్న ఆటలు) ఫోల్డర్లూ అక్కడే ఉంటాయి. గేమ్ తెరుచుకునేటప్పుడే డేటా చదువుకుంటుంది కాబట్టి మార్పు చేసిన ప్రతిసారీ మూసి తెరవాలి.

కింద కీవర్డులు తెలుగులో రాశాం. ఫైల్లో మాత్రం ఇంగ్లీషు చిన్నక్షరాల్లోనే టైప్ చెయ్యాలి.

ప్లగిన్ పెట్టినా ఏమీ మారలేదు

జిప్ విప్పినప్పుడు ఫోల్డర్లో ఫోల్డర్ పడి ఉంటుంది. ప్లగిన్స్ లోపల మీ ప్లగిన్ ఫోల్డర్, దాని లోపల నేరుగా డేటా, అందులో టెక్స్ట్ ఫైళ్లు. మధ్యలో ఇంకో మెట్టు ఉంటే తీసెయ్యండి. ఈ గొడవంతా ఎందుకని గేమ్ సొంత ఫైళ్లనే దిద్దొద్దు. తర్వాతి అప్‌డేట్‌తో మీ పనంతా గోదాట్లో కలుస్తుంది.

కొత్త సిస్టమ్ మ్యాప్‌లో కనిపించదు

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. లింక్ అనే లైను ఒకవైపు దారి మాత్రమే. రాజమండ్రి అనే కొత్త సిస్టమ్‌లో, గేమ్‌లో ముందే ఉన్న సోల్‌కి (మన సూర్యుడి సిస్టమ్) లింక్ రాసి ఊరుకుంటే, రాజమండ్రి నుంచి సోల్‌కి వెళ్లొచ్చు గానీ సోల్ నుంచి రాజమండ్రికి దారి ఉండదు. సఖినేటిపల్లిలో రేవు కట్టి, అవతల నరసాపురంలో కట్టడం మరిచిపోయినట్టు. పైగా ఆటగాడు వెళ్లొచ్చిన సిస్టములూ, వాటి లింకుల చివర ఉన్నవీ, వాటికి బాగా దగ్గర్లో ఉన్నవీ మాత్రమే మ్యాప్‌లో పడతాయి. సోల్ వైపు లింక్ లేక, దూరం కూడా ఎక్కువైతే రాజమండ్రికి చుక్క కూడా పడదు.

దీనికి మందు: మీ ప్లగిన్‌లోనే సిస్టమ్ సోల్ అని ఇంకో బ్లాకు తెరిచి, దాని కింద యాడ్ లింక్ రాజమండ్రి అని ఒకే ఒక్క లైను రాయండి.

రెండువైపులా లింక్ ఉన్నా కనపడకపోతే పోజ్ (pos) లైను చూడండి, మ్యాప్‌లో సిస్టమ్ చోటు చెప్పే రెండు అంకెలు అందులోనే ఉంటాయి. పోజ్ లేని సిస్టమ్‌ను గేమ్ లెక్కలోకే తీసుకోదు. ఆ తర్వాత పేర్లు. పెద్దక్షరం, చిన్నక్షరం తేడా ఉన్నా వేరే పేరే. రెండు మాటల పేరుకి కొటేషన్లు లేకపోతే మొదటి మాట ఒక్కటే తీసుకుంటుంది. అంటే ఆల్ఫా సెంటారీకి లింక్ పెట్టబోతే, ఆల్ఫా అనే లేని సిస్టమ్‌కి పడుతుంది. పూర్తిగా నిర్వచించని పేరుని ఎక్కడో వాడారని ఎర్రర్స్ ఫైల్లో హెచ్చరిక ఉంటే, సగం సార్లు ఇదే కారణం.

కొత్తది వచ్చింది, పాతవి మాయమయ్యాయి

పై బ్లాకులో యాడ్ అనే మాట వదిలేసి ఉంటారు. పాత సిస్టమ్‌ను మళ్లీ తెరిచి ఉత్త లింక్ అని రాస్తే, ఆ మొదటి లైను పాత లింకులన్నిటినీ తుడిచేస్తుంది. ఇక సోల్ నుంచి రాజమండ్రికి తప్ప మరెక్కడికీ పోలేరు. ఆబ్జెక్ట్ విషయంలో ఇంకా ఘోరం. సోల్‌లో ఒక స్టేషన్ కలుపుదామని ఉత్త ఆబ్జెక్ట్ రాస్తే సూర్యుడూ భూమీ అన్నీ పోయి మీ స్టేషన్ ఒక్కటే మిగులుతుంది. ఫ్లీట్ (అక్కడ తిరిగే ఓడల గుంపు) కూడా అంతే. అన్నిటికీ ముందు యాడ్ ఉండాలి. ట్రేడ్‌కి మాత్రం ఈ బాధ లేదు, ఏ సరుకు రాస్తే ఆ ఒక్కదాని ధరే మారుతుంది.

చూడ్డానికి అన్నీ సరిగ్గానే ఉన్నాయి, కొన్ని లైన్లు పనిచేయవు

ట్యాబులూ స్పేసులూ కలిసిపోయాయి. ఏ లైను దేని కింద ఉందో గేమ్ లైను మొదట్లో ఉన్న ఖాళీల సంఖ్యను బట్టి తేలుస్తుంది. ట్యాబు ఒకటిగానే లెక్క, స్పేసూ ఒకటే. పోజ్ ముందు ఒక ట్యాబు, దాని కింద లింక్ ముందు నాలుగు స్పేసులు ఉన్నాయనుకోండి. కంటికి సమానంగానే కనిపిస్తాయి. గేమ్‌కి మాత్రం ఒకటి, నాలుగు. దాంతో లింక్ వెళ్లి పోజ్‌కి పిల్లగా చేరి పనికిరాకుండా పోతుంది. వెబ్ పేజీల నుంచి కాపీ చేసిన ముక్కలు ఎక్కువగా స్పేసులతో వస్తాయి. ఎడిటర్లో కనపడని అక్షరాలు చూపించే సౌకర్యం ఆన్ చేసి, అన్నీ ట్యాబులుగా మార్చండి.

మ్యాప్ తలకిందులైంది

ఊళ్ల అక్షాంశ రేఖాంశాలను నేరుగా పోజ్‌లోకి మార్చేవాళ్లకి అంతర్వేది పైన, రాజమండ్రి కింద వస్తుంది. గేమ్‌లో రెండో అంకె పెరిగేకొద్దీ కిందికి పోతుంది, అక్షాంశమేమో పెరిగేకొద్దీ ఉత్తరానికి. కాబట్టి నిలువు తేడాను తిరగెయ్యాలి. రాజమండ్రిని 17.0, 81.8గా పట్టుకుని, డిగ్రీకి 400 చొప్పున లెక్కేద్దాం. అమలాపురం సుమారు 16.58, 82.0. అంటే రాజమండ్రి పోజ్‌కి మొదటి అంకెలో 80, రెండో అంకెలో 168 కలపాలి. తీసెయ్యకూడదు.

ఈ కొలతతో ఇంకో చిక్కుంది. ఓడను ఒక సిస్టమ్ నుంచి ఇంకోదానికి దూకించే యంత్రాలు రెండు రకాలు. మామూలు హైపర్‌డ్రైవ్‌కి దూరంతో పనిలేదు, లింక్ ఉంటే చాలు. జంప్ డ్రైవ్‌కి లింక్ అక్కర్లేదు, 100 లోపు దూరం ఉంటే దూకేస్తుంది. పాలకొల్లు, నరసాపురం, అంతర్వేది ఒకదానికొకటి 100 లోపే పడతాయి. వశిష్ఠ ఒక దారి, గౌతమి ఒక దారి అని మీరు వేసిన లింకులకి అప్పుడు విలువ ఉండదు. భూగోళం కాస్త తప్పినా పర్వాలేదు, అలాంటి ఊళ్లను 110 అయినా ఎడం జరపండి.

దిగాను గానీ సరుకు అమ్ముకోలేను

సిస్టమ్‌లో ఆబ్జెక్ట్‌కి పేరు పెట్టినంత మాత్రాన ఊరు తయారవదు. అదే పేరుతో ప్లానెట్ బ్లాకు విడిగా రాయాలి, అందులో స్పేస్‌పోర్ట్ ఉండాలి. అది లేకపోతే ఇంధనమూ నిండదు.

ధరలు సిస్టమ్‌లో ట్రేడ్ లైన్లతో వస్తాయి. ఏ సరుకుకి లైను లేదో దానికి అక్కడ ధర ఉండదు. ఆహారానికి గేమ్ అనుకున్న పరిధి 100 నుంచి 600. అమలాపురంలో 180, కాకినాడలో 420 పెడితే టన్నుకి 240 మిగులుతుంది, కొత్త పైలట్‌కి మంచి బేరం. రోజూ ధర అటూ ఇటూ ఊగినా మీరు రాసిన అంకెకి 100 మించి దూరం పోదు. కాబట్టి తప్పు ధర రాసి, అదే సర్దుకుంటుందిలే అని వదిలెయ్యకండి.

ఊరి పేరు తెలుగులో రాస్తే రాలేదు

గేమ్ ఫాంట్ అక్షరాల బొమ్మలున్న ఒక చిత్రం. అందులో ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, గుర్తులు తప్ప మన లిపి లేదు. పేర్లు ఇంగ్లీషులోనే రాయక తప్పదు.

కొత్త పైలట్‌కి బాగుంది, పాత సేవ్‌లో తేడాగా ఉంది

కథలో జరిగిన ఈవెంట్ల మార్పులు సేవ్ ఫైల్లో ఛేంజెస్ అనే భాగంలో ఉండి, ప్లగిన్ చదివాక దాని మీద పడతాయి. యుద్ధం తర్వాత చేతులు మారిన సిస్టమ్‌కి మీరు రాసిన గవర్నమెంట్ అందుకే నిలవదు. ముందు కొత్త పైలట్‌తో చూడండి. అక్కడ సరిగ్గా ఉంటే మీ ఫైల్లో తప్పు లేనట్టే. పాత పైలటే కావాలంటే సేవ్ ఫైలుకి నకలు తీసి పక్కన పెట్టి, ఛేంజెస్‌లో ఆ సిస్టమ్ పేరున్న లైన్లు మాత్రమే దిద్దండి. ప్లగిన్ తీసేసే ముందు ఓడను సోల్‌కి తెచ్చి, దిగి, సేవ్ చెయ్యండి. ఓడ అమలాపురంలో ఉండగా ప్లగిన్ తీస్తే, తిరిగి తెరిచేసరికి ఆ సిస్టమే ఉండదు.