ధర పుట్టి లెక్కలో చెప్పండి: ఊరి రైతులకు వాయిస్ కబుర్లు పంపడం ఎలా

నెల్లూరు జిల్లాలో వరి రైతుల కోసం వాట్సాప్ గ్రూపు పెట్టాలనుకుంటే ముందు నంబర్లు చూసుకోండి. భూమి యజమానులు ఏ హైదరాబాద్‌లోనో ఉండి గ్రూపులో ఉంటారు, పొలంలో దిగి చేసే కౌలు రైతు మాత్రం ఉండడు. ఆయన్నీ, నాట్లూ కలుపులూ చూసే ఆడవాళ్లనీ ముందు చేర్చండి. గ్రూపులో అడ్మిన్లే పోస్ట్ చేసేలా సెట్టింగ్ మార్చండి, లేకపోతే గుడ్ మార్నింగ్ బొమ్మల కింద వాన కబురు కనపడకుండా పోతుంది. ప్రశ్నలకు ఇంకో గ్రూపు పెట్టుకోవచ్చు.

రాసి పంపకండి, మాట్లాడి పంపండి. ఒక నిమిషం, ఒకే విషయం. మొదటి మాట తేదీ కావాలి, ఎందుకంటే ఆ క్లిప్పు వారం తర్వాత కూడా ఊళ్లు తిరుగుతూనే ఉంటుంది, పాత వాన కబురు విని ఎవరో కోతలు ఆపుకుంటారు. ఇంటిల్లిపాదీ ఇంట్లో ఉండే రాత్రి వేళ పంపితే ఫోను లేనివాళ్ల చెవినా పడుతుంది.

వాతావరణానికి మేఘదూత్ యాప్ ఉంది, మంగళ, శుక్రవారాల్లో సలహాలు కొత్తగా వస్తాయి. అందులోని మిల్లీమీటర్లు చదివి వదిలేయకండి, 'రేపు వాన ఉంది, యూరియా చల్లొద్దు, మందు కొట్టొద్దు' అని చేయాల్సిన పని చెప్పండి. అది జిల్లాకిచ్చిన అంచనా, మన ఊళ్లో పడకపోవచ్చని కూడా చెప్పాలి.

ధర దగ్గరే మనవాళ్లు ఎక్కువ నష్టపోతారు. ప్రభుత్వం క్వింటాల్లో చెబుతుంది, దళారి పుట్టిలో అడుగుతాడు. నెల్లూరు పుట్టి అంటే 850 కిలోలు. 2025-26లో గ్రేడ్ ఏ ధాన్యం మద్దతు ధర క్వింటాకు 2,389 రూపాయలు, అంటే పుట్టికి 20,306. ఈ లెక్క కట్టి పంపితే కల్లం దగ్గర రైతు గట్టిగా మాట్లాడగలడు. తేమ 17 శాతం దాటకూడదన్నది కూడా అందులోనే చెప్పండి.

అగ్గితెగులు, సుడిదోమ లాంటివి వస్తే మందు పేరు మీరు చెప్పకండి, ఇది మాత్రం గట్టిగా పట్టుకోండి. ఆకు దగ్గర్నుంచి ఒకటి, దుబ్బు మొత్తం ఒకటి ఫొటోలు తీయించి రైతు సేవా కేంద్రంలో చూపించండి. లేదా ఉదయం 6 నుంచి రాత్రి 10 లోపు కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కి చేయించండి. ఫ్రీ, తెలుగులోనే మాట్లాడతారు.

బటన్ ఫోను పెద్దవాళ్లను వదలొద్దు. ఆకాశవాణి వ్యవసాయ కార్యక్రమం వేళ కనుక్కుని వాళ్లకు చెప్పండి, విన్నాక వచ్చిన సందేహాలు మీరు రాసి స్టేషన్‌కు పంపండి.